బరువు మీదే వచ్చే మిస్సింగ్

సర్వీసు సెంటర్లో కారు ఒప్పజెప్పినప్పుడు జాబ్‌కార్డు అని ఒక కాగితం చేతికిస్తారు. కారు ఉన్నవాళ్ళం చాలామందిమి దాన్ని మడిచి సీటు ముందున్న అరలో పడేస్తాం. నా అరలో అలాంటివి నాలుగు పోగయ్యాయి. 2024 జూలైకీ నవంబరుకీ మధ్యవి. ఒక ఆదివారం వాటిని బల్లమీద పక్కపక్కన పరిచి చదివాను. కథలనీ కవితలనీ అలా చదవడం నేర్పే ఉద్యోగం నాది. సర్వీసు కాగితాన్ని ఎందుకు చదవకూడదు?

నాలుగింటిలోనూ రెండు గడులున్నాయి. మొదటిది నా మాట: ‘ఘాటు ఎక్కుతున్నప్పుడు కుదుపు వస్తోందని, ఇంజన్ లైటు మెరుస్తోందని కస్టమర్ అంటున్నారు.’ రెండోది వాళ్ళ మాట: ‘వాహనం పరీక్షించబడినది. అసాధారణత కనుగొనబడలేదు. కోడ్ తొలగించబడినది.’ కాగితం మీద ఉన్న ఇంగ్లీషును నేను ఇలా తెలుగు చేసుకున్నాను. నా వాక్యం చివర ‘అంటున్నారు’ ఒకటి వేలాడుతోంది. అది నిజమో కాదో రాసినవాళ్ళ పూచీ లేదన్నమాట. వాళ్ళ వాక్యానికేమో కర్తే లేదు. ఎవరు పరీక్షించారు, ఏ రోడ్డు మీద, ఎంతసేపు? ఇలాంటి ‘బడు’ ప్రయోగాన్ని పిల్లల వ్యాసాల్లో ఎర్రసిరాతో కొట్టేస్తుంటాను. ఆఫీసులకి మాత్రం అదంటే ఎంత ఇష్టమో.

అసలు సంగతి చెప్తాను. అరకు వైపు ఒక డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్తాను. ఇల్లు విశాఖపట్నంలో. సోమవారం తెల్లవారుజామున ఘాటెక్కడం, శుక్రవారం సాయంత్రం దిగడం. దారిలో శృంగవరపుకోటలో అమ్మ ఉంటుంది కాబట్టి రెండుసార్లూ అక్కడ ఆగుతాను. కారు 2014లో కొన్న పెట్రోలు బండి, నాలుగు సిలిండర్లది, అప్పటికి 90 వేల కిలోమీటర్లు దాటింది. శివలింగపురం దాటాక రోడ్డు ఎక్కడం మొదలవుతుంది. టైడా, డముకు, అనంతగిరి, ఆ పైన గాలికొండ. ఒకవైపు కొండ, ఇంకోవైపు లోయ, మధ్యలో చాలాచోట్ల ఫోను సిగ్నలు ఉండదు. జూలైలో ఒక సోమవారం డముకు ముందు మలుపులో మూడో గేరులో ఎక్కుతుండగా కారు ఎవరో వెనకనుంచి చీరకొంగు పట్టి లాగినట్టు తూలింది. ఇంజన్ బొమ్మ ఉన్న పసుపుపచ్చ లైటు వెలిగి ఆరి వెలిగి ఆరి, చదును రాగానే మెరవడం మాని నిలకడగా వెలుగుతూ ఉండిపోయింది.

ఆ లైటు నిలకడగా వెలగడానికీ మెరవడానికీ తేడా ఉంది. కారుతోపాటు వచ్చే పుస్తకంలో సాధారణంగా రాసే ఉంటుంది. నిలకడగా వెలిగితే ఏదో లోపం నమోదైంది, చూపించుకోండి అని. మెరుస్తుంటే ఇంజన్‌లో మంట అంటుకోవలసిన చోట అంటుకోవడం లేదు, కాలని పెట్రోలు పొగగొట్టంలోకి పోతోంది, అక్కడ పొగను శుభ్రంచేసే కెటలిటిక్ కన్వర్టర్ కాలిపోయే ప్రమాదం ఉంది, వెంటనే వేగం తగ్గించండి అని. తేనెపట్టులాంటి పింగాణీ గడుల మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి విలువైన లోహాల పూత ఉంటుంది ఆ కన్వర్టర్‌లో. కాలని పెట్రోలు అక్కడికెళ్ళి కాలితే ఆ వేడికి గడులు కరిగిపోతాయి. అంటే మెరిసే లైటు తొందరపెడుతున్న లైటు.

మంట అంటుకోలేదని కారుకెలా తెలుస్తుంది? ఇది తెలుసుకున్నప్పుడు నాకు చాలా ముచ్చటేసింది. ఇంజన్ అడుగున తిరిగే ఇరుసుకి పళ్ళచక్రం ఒకటుంటుంది. చాలా కార్లలో 60 పళ్ళ స్థానాల్లో రెండు ఖాళీగా ఉంచుతారు, గుర్తుకోసం. ఒక సెన్సారు ఆ పళ్ళని లెక్కపెడుతూ ఒక్కొక్క పన్ను దాటడానికి ఎంతసేపు పట్టిందో చూస్తుంటుంది. నిమిషానికి 2,000 చుట్లు తిరిగే నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో అరచుట్టుకొక సిలిండర్ మండుతుంది. ఆ అరచుట్టుకి పట్టేది సెకనులో వెయ్యోవంతులు పదిహేను. ఒక సిలిండర్ మండకపోతే ఆ అరచుట్టు కాస్త నెమ్మదిస్తుంది. ఆ కాస్త ఆలస్యాన్ని బట్టి కంప్యూటరు ఏ సిలిండరో పట్టుకుంటుంది, పేరు రాసుకుంటుంది. పి0301 అంటే మొదటిది, పి0302 అంటే రెండోది, అలా. ఏదని తేల్చలేకపోతే పి0300. అమెరికాలో 1996 నుంచి, మన దగ్గర 2013 ఏప్రిల్ నుంచి కొత్త కార్లలో ఈ రకం నిఘా తప్పనిసరి. గాలిని పాడుచెయ్యకూడదని పెట్టిన నిబంధన అది. ఆ పుణ్యాన బండి తన బాధ తను చెప్పుకోగలుగుతోంది.

మెకానిక్కులు దీన్ని ‘మిస్సింగ్’ అంటారు. ‘బండి మిస్సింగ్ కొడుతోంది మేడమ్.’ హాజరుపట్టీలో పిలిస్తే ‘ఉన్నాను’ అనని పిల్లలా, నాలుగు పేర్లలో ఒకటి పలకడంలేదన్నమాట. మిస్‌ఫైర్ కంటే నాకు ఈ మాటే నచ్చింది.

సర్వీసు సెంటర్లో మొదటిసారి నన్నడిగిన మాట, ‘బండి ఎప్పుడైనా సార్ కూడా నడుపుతారా?’ నడపరు అన్నాను. సార్ అనే ఆయన లేరని చెప్పే అవసరం నాకు కనబడలేదు. ‘క్లచ్ మీద కాలు పెట్టి నడుపుతున్నారేమో. లేడీస్‌కి ఆ అలవాటుంటుంది.’ ఆ తర్వాత కల్తీ పెట్రోలు. ఆ తర్వాత ఘాటురోడ్డు గుంతలు. ఈ చివరిదానిలో కొంత నిజం లేకపోలేదు. గుంతల్లో చక్రాలు ఎగిరిపడితే ఆ అదురు ఇరుసుదాకా వెళ్ళి కంప్యూటరును తికమక పెట్టగలదు. కానీ గుంతలకి ఎప్పుడూ రెండో సిలిండర్ మీదే కోపం ఎందుకుంటుంది? ఈ ప్రశ్న అడిగితే కుర్రాడు నవ్వి, లోపలున్న సీనియర్‌ని పిలుస్తానన్నాడు. ఆ సీనియర్ ఇప్పటిదాకా రాలేదు.

ఏం చేశారో కూడా చెప్పాలి కదా, చెయ్యలేదనను. ఆగస్టులో నాలుగు ప్లగ్గులూ మార్చారు. సెప్టెంబరులో గాలి వెళ్ళే దారి శుభ్రం చేశారు. అక్టోబరులో పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లని కడిగారు. నవంబరులో ఏమీ చెయ్యకుండా పరీక్ష ఛార్జీ వేశారు. అంతా కలిపి 9,340 రూపాయలు. ప్రతిసారీ బండిని షెడ్డులో నిలబెట్టి, స్టార్టు చేసి, బోనెట్ ఎత్తి చెవి ఒగ్గి విన్నారు. ఇంజన్ సంగీతంలా ఉంది. నేను విన్నా అలాగే ఉంది. ‘చూడండి మేడమ్, ఏముంది?’ అని కోడ్ తుడిచేసి తాళాలిచ్చేశారు. సోమవారం డముకు దగ్గర మళ్ళీ అదే.

కోడ్ తుడవడం అంటే ఏమిటో నాకు చాలా తర్వాత తెలిసింది. లోపం నమోదైన క్షణాన బండి ఎంత వేగంలో ఉంది, ఇంజన్ ఎన్ని చుట్లు తిరుగుతోంది, ఎంత వేడిమీద ఉంది, దాని మీద ఎంత లోడు పడుతోంది, ఇవన్నీ కంప్యూటరు ఒక చిత్రంలా దాచిపెడుతుంది. ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. కోడ్ తుడిస్తే ఆ చిత్రం కూడా పోతుంది. అంటే నా మాట నిజమని చెప్పగల ఒకే ఒక్క సాక్ష్యాన్ని నెలకొకసారి నా డబ్బుతోనే చెరిపించుకుంటున్నానన్నమాట. ‘తొలగించబడినది’ అనే ఆ మాట మీద నాకు అప్పుడు నిజంగా కోపం వచ్చింది.

అక్టోబరు చివర 900 రూపాయలు పెట్టి స్కానర్ కొన్నాను. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. స్టీరింగ్ కింద 16 కన్నాల సాకెట్ ఉంటుంది, అందులో గుచ్చితే ఫోనులోకి చెప్తుంది. ఒక నోటుబుక్కు పెట్టాను. తేదీ, ఎక్కడ, ఏ గేరు, ఏసీ ఉందా లేదా, వానా ఎండా, కోడ్, దాని ఫ్రీజ్ ఫ్రేమ్ ఫోటో. నెలరోజుల్లో పదకొండు సార్లు రాసుకున్నాను. పదింట్లో పి0302, ఒకదాంట్లో పి0300. వేగం 30కీ 40కీ మధ్య, ఇంజన్ పూర్తిగా వేడెక్కి ఉంది, లోడు అన్నిసార్లూ 80 శాతానికి పైన. దిగేటప్పుడు ఒక్కసారి కూడా లేదు. చదునులో లేదు. నిలబెట్టినప్పుడు అసలే లేదు.

ఆ లెక్కలు కోటలో అమ్మ ఇంటి అరుగుమీద కూర్చుని చూసుకుంటుంటే, ఏటి పిల్లా అదీ అనడిగింది. చెప్పాను. షెడ్డులో నిలబెట్టి చూస్తే ఏమీ లేదంటున్నారని కూడా చెప్పాను.

‘నిల్సోబెట్టి సూస్తే ఏటి తెలుస్తాదే? మోసినప్పుడు కదా వస్తాది’ అంది.

ఆవిడకి ఈ సంగతి తెలుసు. 2017లో అమ్మకి 63 ఏళ్ళు. కుళాయి కింద, వంటిల్లు మేడమీద. బిందె ఎత్తుకుని ఎనిమిదో మెట్టు దగ్గరకొచ్చేసరికి గుండెలమీద రాయి పెట్టినట్టుందనేది. దింపి కూర్చుంటే పోయేది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే బల్లమీద పడుకోబెట్టి ఈసీజీ తీశారు. నార్మల్. గ్యాసు మాత్ర రాశారు. రెండోసారి పడుకోబెట్టి తీశారు. నార్మల్. ఈసారి గ్యాసు మాత్రతోపాటు నిద్రమాత్ర కూడా రాసి, పిల్లలు దూరంగా ఉన్నారని బెంగ పెట్టుకున్నట్టుంది అన్నారు. బిందె ఎత్తుకున్నప్పుడే వస్తోందని అమ్మ రెండుసార్లూ చెప్పింది. బిందె మాట చీటీలో ఎక్కడా లేదు. ఎనిమిది నెలల తర్వాత విశాఖపట్నంలో వేరే డాక్టరు ట్రెడ్‌మిల్ మీద నడిపించారు. ఎత్తుగా వాల్చిన పట్టా, మూడు నిమిషాలకొకసారి వేగమూ వాలూ పెరుగుతాయి. చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, ఉత్తకాళ్ళతో ‘సింహాచలం మెట్లెక్కుతున్నట్టుందే’ అంటూ నడిచింది. రెండో విడతలోనే తెరమీద గీతలు కిందికి జారిపోయాయి, డాక్టరు ఆపేశారు. తర్వాత యాంజియోగ్రామ్, స్టెంటు. ఈలోగా ఎప్పుడో చిన్న పోటు వచ్చి వెళ్ళిందని, గుండె కండరంలో కొంత భాగం చచ్చుబడిందని, అది తిరిగి రాదని చెప్పారు.

పడుకున్న మనిషి ఈసీజీ మామూలుగా ఉన్నంతమాత్రాన గుండె రక్తనాళాలు బాగున్నట్టు కాదు. ఇది వైద్యులకు తెలియని సంగతి కాదు, ట్రెడ్‌మిల్ పరీక్ష పుట్టిందే అందుకు. అయినా ఎవరి బరువుని బరువుగా లెక్కపెడతారన్నది వేరే ప్రశ్న. బెర్నడీన్ హీలీ అనే అమెరికన్ గుండె వైద్యురాలు 1991లో దీనికొక పేరే పెట్టింది, యెంటల్ సిండ్రోమ్ అని. మగవాళ్ళకి వచ్చినట్టుగానే వచ్చిందని రుజువు చేసుకున్నాకే ఆడవాళ్ళ గుండెజబ్బుకి మగవాళ్ళతో సమానమైన వైద్యం దక్కుతోందని రాసింది. యెంటల్ ఒక కథలోని అమ్మాయి, చదువుకోసం మగవేషం వేసుకుంటుంది. అమ్మ మెట్ల మీద బిందె మొయ్యకుండా మగవాడిలా ఏ బస్తానో మోసి ఉంటే ‘బరువు మోసినప్పుడు నొప్పి’ అని చీటీలో ఎక్కేదా? ఎక్కేదనే నా అనుమానం.

మొట్టమొదటి కారు చరిత్రలో కూడా ఈ బరువు సంగతే ఉంది. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ భర్త కార్ల్ తయారుచేసిన మూడు చక్రాల బండిని ఆయనకు చెప్పకుండా తీసుకుని, ఇద్దరు కొడుకులతో జర్మనీలో మాన్‌హైమ్ నుంచి పుట్టింటికి, ఫోర్జ్‌హైమ్‌కి వెళ్ళింది. నూరు కిలోమీటర్లకు పైన. ఆ బండి తయారవడానికి ముందునుంచీ అందులో ఆవిడ కట్నం డబ్బు ఉంది. ఈ ప్రయాణాన్ని సాహసగృహిణి కథలా, కాస్త ముద్దుగా చెప్తుంటారు. పెట్రోలు గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచిందట, మంట పుట్టించే తీగె మీది తొడుగు పాడైతే మేజోడు పట్టీ చుట్టిందట, అని. పిన్నూ పట్టీ అందరికీ గుర్తున్నాయి. నాకు ముఖ్యమనిపించింది వేరు. అప్పటిదాకా ఊళ్ళో చిన్నచిన్న దూరాలు తిరిగిన బండిని కొండదారి ఎక్కించింది ఆవిడే. రెండు గేర్లతో అది ఎక్కలేకపోయింది, పిల్లలు దిగి తొయ్యాల్సొచ్చింది. తిరిగొచ్చి ఎత్తుల కోసం ఇంకో గేరు కావాలని చెప్పింది. బ్రేకులు అరిగితే దారిలో చెప్పులు కుట్టేవాడిచేత తోలు వేయించింది. ఈ రోజుల్లో అయితే దాన్ని లోడ్ టెస్టింగ్ అని పిలిచి జీతమిచ్చేవాళ్ళు.

తీగె తొడుగు దగ్గర నేను ఆగాను. మన ఇంజన్‌లో ప్రతి ప్లగ్గు మీదా ఒక కాయిల్ ఉంటుంది, దాని కొసన రబ్బరు తొడుగు. వేల వోల్టుల కరెంటు పక్కకి పోకుండా ప్లగ్గు కొనకి చేరేలా చూసేది ఆ రబ్బరే. ఎత్తెక్కేటప్పుడు సిలిండర్‌లో గాలీ పెట్రోలూ ఎక్కువ నిండి, గట్టిగా అదిమినట్టుంటాయి. అంత ఒత్తిడిలో నిప్పురవ్వ దూకాలంటే ఎక్కువ వోల్టేజి కావాలి. తొడుగులో ఎక్కడైనా బలహీనత ఉంటే కరెంటు ప్లగ్గు కొనదాకా వెళ్ళకుండా ఆ సులువు దారినే పక్కనున్న ఇనుములోకి జారుకుంటుంది. ఊరికే నిలబడి తిరుగుతున్నప్పుడు ఆ అవసరం ఉండదు, అంతా సంగీతం. నా పదకొండు పేజీలూ చెప్తున్నది ఇదేననిపించింది.

తేల్చుకోవడానికి చాలా సులువైన పద్ధతి ఉంది. రెండో సిలిండర్ కాయిల్ తీసి మూడోదానికి, మూడోది రెండోదానికి పెట్టాలి. కోడ్ కూడా మూడుకి మారితే తప్పు కాయిల్‌ది. రెండులోనే ఉంటే ప్లగ్గు, ఇంజెక్టర్, ఆ తర్వాత కంప్రెషన్, ఇలా వరసగా చూసుకుంటూ పోవాలి. డిసెంబరు మొదటి ఆదివారం పది నంబరు టీ స్పానర్ పట్టుకుని అపార్ట్‌మెంట్ కింద మొదలుపెట్టాను. ఇంజన్ చల్లగా ఉండగా, తాళం తీసేసి. ఒక్కో కాయిల్‌కి ఒక్కటే బోల్టు. నా పక్కన పదోతరగతి చదువుతున్న మేనల్లుడు టార్చి పట్టుకున్నాడు. మొత్తం పావుగంట పని. ఆ పావుగంటలో అయిదుగురు ఆగారు. ‘సార్ ఎవరూ లేరా మేడమ్?’ ‘నేను చూడనా అమ్మా?’ చూడనా అన్న పెద్దాయనకి సొంత కారులో బోనెట్ మీట ఎక్కడుందో తెలీదు, ఒకసారి నన్నే అడిగాడు.

రెండో కాయిల్ పైకి లాగుతుంటేనే తేడా తెలిసింది. తొడుగు నల్లగా, నూనెతో తడిసి, మెత్తబడి ఉంది. తుడిచి చూస్తే పొడుగునా పెన్సిలుతో గీసినట్టు సన్నటి గీత, కరెంటు జారిన దారి. మిగతా మూడూ పొడిగా ఉన్నాయి. మార్చి బిగించాను. సోమవారం డముకు మలుపులో లైటు మెరిసింది. పి0303. ఘాటులో కారు మొరాయిస్తుంటే సంతోషపడిన మనిషిని నేనొక్కదాన్నే అయి ఉంటాను.

కాయిల్ మారిస్తే సరిపోదు. నూనె అక్కడికెలా వచ్చింది? ఈసారి సర్వీసు సెంటర్‌కి వెళ్ళలేదు, గోపాలపట్నంలో ఒక షెడ్డుకి వెళ్ళాను. మిస్సింగ్ అనగానే అక్కడి మేస్త్రి అడిగిన మొదటి ప్రశ్న: ‘లోడు మీదా మేడమ్, స్లోలోనా?’ అయిదు నెలల్లో నన్ను ఒక ప్రశ్న అడిగి, జవాబు కోసం ఆగిన మొదటి మనిషి. ట్యాపెట్ కవర్ విప్పారు. దాని ప్యాకింగ్ పదేళ్ళ వేడికి ప్లాస్టిక్‌లా బిరుసెక్కి విరిగిపోయింది, ప్లగ్గు గుంటలోకి నూనె కారుతోంది. ప్యాకింగూ, ప్లగ్గు గుంటల సీళ్ళూ, ఒక కాయిలూ, కూలీ కలిపి 3,850 అయింది. ఆయన్ని దేవుణ్ణి చెయ్యను. పని పూర్తయ్యాక పాడైన తొడుగు చేతిలో పట్టుకుని, ఎందుకు చెడిందో, మళ్ళీ ఏం చూసుకోవాలో పూసగుచ్చినట్టు వివరించారు, డ్రైవింగ్ రాని మా మేనల్లుడికి. వాడు పాపం, ‘అత్తకి చెప్పండి’ అన్నాడు.

ఆగస్టులో నాలుగు ప్లగ్గులు మార్చిన చేతులు ఆ నూనెని చూడకుండా ఎలా ఉన్నాయో నా ఊహకందదు. కాయిల్ తియ్యకుండా ప్లగ్గు తియ్యలేరు. చూసి ఉంటే కార్డులో రాయాలి. అందులో ఉన్నది ‘అసాధారణత కనుగొనబడలేదు’ అనే.

2025 ఫిబ్రవరిలో ఇంకో కోడ్ వచ్చింది, పి0420. కన్వర్టర్ పొగని శుభ్రం చెయ్యాల్సినంత చెయ్యడంలేదని. షెడ్డు మేస్త్రి విప్పి చూపించారు, గడులు ఒకపక్క కరిగి గడ్డకట్టాయి. జూలై నుంచి డిసెంబరు దాకా కాలని పెట్రోలు తాగిన ఫలితం. సర్వీసు సెంటర్‌లో కొత్తదాని ధర అడిగితే 40 వేలకి పైన చెప్పి, ‘లైటు మెరుస్తున్నా నడిపారు కదా మేడమ్’ అన్నారు. నాలుగుసార్లు ఏమీ లేదని రాసి, లైటు ఆర్పి, తాళాలిచ్చి పంపినవాళ్ళే.

జిల్లా వినియోగదారుల కమిషన్‌కి ఫిర్యాదు రాస్తున్నాను. 2019 చట్టం ప్రకారం కారణం ఏర్పడిన రెండేళ్ళలోపు వెయ్యాలి, మనం ఉన్నచోటే వెయ్యచ్చు, లాయరు లేకుండా మనమే వాదించుకోవచ్చు. చెల్లించిన మొత్తం అయిదు లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. అమ్మ విషయంలో అలాంటిదేదీ చెయ్యలేదు, చేద్దామంటే ఆవిడ ఒప్పుకోలేదు. ఈ కాగితాలకి మాత్రం పక్కన కూర్చుని పేజీల నంబర్లు వేసిపెట్టింది. నాలుగు జాబ్‌కార్డులు, రెండు పక్కలా బిల్లులు, నోటుబుక్కులో పదకొండు పేజీలు, ఫ్రీజ్ ఫ్రేమ్ ఫోటోలు, గుడ్డలో చుట్టిన రబ్బరు తొడుగు.

స్కానర్ ప్రస్తుతం నా దగ్గర లేదు. మా జువాలజీ మేడమ్ తీసుకెళ్ళింది. ఆవిడ బండి కూడా అనంతగిరి దాటాక గుంజుతోందట. వాళ్ళాయన ఇంటిముందు స్టార్టు చేసి విని, ఏమీ లేదన్నాడట.